లాగ్‌బుక్‌ను మేక తిన్న ఆదివారం

మా ఇంట్లో పాలగిన్నె పొయ్యి మీద పెట్టాలంటే ముందు పుస్తకంలో రాయాలి. రాసి, సంతకం పెట్టి, అప్పుడు పాలు పెట్టాలి. కాగాక దించి, మళ్లీ వచ్చి ఆ లైను పక్కన టిక్కు కొట్టాలి. ఈలోగా పాలు పొంగిపోతే అది పాల తప్పు కాదు, కాచినవాళ్ల తప్పూ కాదు, పుస్తకం దాకా నడిపించిన మా బాపు తప్పు. ఆ మాట ఆయన ముఖం మీద అనే ధైర్యం ఇంట్లో ఒక్క అమ్మకే ఉంది. అమ్మ రోజూ అంటుంది.

బాపు కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ వాల్వు తిప్పాలన్నా, మూత తీయాలన్నా ముందు లాగ్‌బుక్‌లో రాయాలి. ఏం చేయబోతున్నాం, ఎంత, ఎన్ని గంటలకు, కింద సంతకం. సంతకం పడేదాకా వాల్వు మీద చెయ్యి పడకూడదు. పని అయ్యాక టిక్కు. మధ్యలో కరెంటు పోయినా, షిఫ్టు మారినా, కొత్తగా వచ్చినవాడు ఫర్నేసు ముఖం చూసి జాతకం చెప్పనక్కర్లేదు, పుస్తకం చూస్తే చాలు. రిటైరైన రోజు అందరికీ శాలువా కప్పి పంపిస్తారు. బాపు శాలువాతో పాటు ఆ పద్ధతిని కూడా ఉప్పుగూడలోని మా ఇంటికి మోసుకొచ్చాడు. వంటింటి గుమ్మం పక్కన ఒక మేకు, మేకుకు తాడు, తాడుకు పుస్తకం, ఇంకో తాడుకు పెన్ను.

మోటరు వేస్తే రాయాలి, బంద్ చేస్తే రాయాలి. చింతపండు నానబెడితే రాయాలి. నా భార్య పెళ్లై వచ్చిన మొదటి వారంలో రాసిన లైను ఒకటి ఇప్పటికీ పాత పుస్తకంలో ఉంది: "తలనొప్పిగా ఉంది, పడుకుంటున్న." దానికి టిక్కు పడలేదని బాపు రెండు రోజులు ఆమె వెనకాల తిరిగాడు. తలనొప్పి తగ్గిందో లేదో కనుక్కోవడానికి కాదు, లైను తెరిచి ఉందని.

నేను ఒక ఆఫీసులో కంప్యూటర్లకు కాపలా మనిషిని. పెద్ద పెద్ద డిస్కులు, వాటి నిండా జనం దాచుకున్న ఫైళ్లు, వాటికి జబ్బు చేస్తే నాకు ఫోను. కొత్తగా చేరినవాళ్లు ఎవరైనా జర్నలింగ్ ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటని అడిగితే మా ఇంటి పాలగిన్నె కథే చెప్తాను. మీరు ఒక ఫైలు సేవ్ చేస్తే అది మీకు ఒక్క నొక్కు. డిస్కుకు నాలుగైదు పనులు. ఖాళీ జాగా వెతకాలి, అది ఇక ఖాళీ కాదని గుర్తు పెట్టుకోవాలి, ఫైలు పేరు జాబితాలో ఎక్కించాలి, ఆ పేరు నుంచి ఈ జాగాకు దారి చూపించాలి. మధ్యలో కరెంటు పోయిందనుకోండి. పేరు ఉంటుంది, జాగా ఉండదు. లేకపోతే జాగా నిండి ఉంటుంది, ఎవరిదో ఎవరికీ తెలియదు. వెనకటికి అలాంటప్పుడు మిషను డిస్కు మొత్తం మూలమూలా గాలించేది. గ్యాసు కట్టేశానా లేదా అని అనుమానం వస్తే మా అమ్మ పొయ్యితో మొదలుపెట్టి బీరువా దాకా చూస్తుంది కదా, అట్లా. గంటలు పట్టేది.

ఇప్పుడు డిస్కులోనే కొంచెం జాగా పుస్తకంలాగా పక్కన పెడతారు. డిస్కు తను చేయబోయేదంతా ముందు అందులో రాసుకుని చివర సంతకంలాంటి గుర్తు పెడుతుంది. ఆ తర్వాతే అసలు చోట చెయ్యి పెడుతుంది. పనయ్యాక ఆ లైను మూసేస్తుంది. కరెంటు పోయి వస్తే పుస్తకం ఒక్కటి తెరిస్తే చాలు. సంతకం ఉండి టిక్కు లేకపోతే ఆ పని మళ్లీ చేస్తుంది. సంతకమే లేకపోతే అసలు చోట ఇంకా ఏమీ ముట్టుకోలేదని అర్థం, ఆ లైను కొట్టేస్తుంది. జర్నల్ ఉంది కదా, ఇక ఏదీ పోదు అనుకుంటారు కొందరు. మీరు సేవ్ చేయనిది పోయి తీరుతుంది. అది ఇచ్చే మాట ఒక్కటే: సగం సగం పని మిగలనివ్వను.

ఇదంతా చెప్పిన రోజు బాపు ముఖం వెలిగిపోయింది. ఆ మర్నాటి నుంచి నన్ను చూసినప్పుడల్లా, మా ప్లాంటులో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతిని మీ కంప్యూటరోళ్లు ఇప్పుడు కనిపెట్టినట్టు చెప్తారేందని అనడం మొదలుపెట్టాడు. అమ్మ మాత్రం ప్రపంచంలో ఇద్దరు పిచ్చోళ్లుంటే ఇద్దరూ తన ఇంట్లోనే పడ్డారని తేల్చేసింది.

ఇక ఉప్పు సంగతి. మా గల్లీలో బోనాల ఆదివారం మధ్యాహ్నం అందరికీ కలిపి ఒక పెద్ద గంజులో పప్పుచారు వండుతారు. ఆడవాళ్లు బోనమెత్తుకుని గుడికి పోయి వచ్చాక, గల్లీ చివర పోచమ్మకు మొదటి విస్తరి పెట్టి, అప్పుడు అందరూ తింటారు. ఆ విస్తరి పెట్టేదాకా గంజులోది ఒక్క చుక్క కూడా ఎవరూ రుచి చూడకూడదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నా ఎంగిలే. ఉప్పు సరిపోయిందో లేదో కళ్లతో చూసి తెలుసుకోవాలి. పోనీ విస్తరి పెట్టాక సరిచేసుకుందామా అంటే, అమ్మవారికి చప్పిడి పెట్టి మనం ఉప్పేసుకుంటామా అని పెద్దవాళ్లు ఒప్పుకోరు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు. మా గల్లీలో వేసి చూసే వీలు కూడా లేదు.

ఆ గంజు గంటె ఏళ్లుగా మా పెద్దమ్మ చేతిలో ఉండేది. పెద్దమ్మ అంటే బాపు అన్న భార్య, నాలుగిళ్ల అవతల ఉంటుంది. గల్లీలో గంటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట చెల్లుతుంది. మా అమ్మకు నగలు, చీరలు, తీర్థయాత్రలు ఏవీ అక్కర్లేదు. ఆమెకు ఆ గంటె కావాలి.

నాలుగేళ్ల కిందట ఒకసారి దొరికింది. పెద్దమ్మ ఆ ఏడు బోనాలకు ఊళ్లో లేదు, గంటె అమ్మకు ఇచ్చి పోయింది. బాపు సంబరంగా లాగ్‌బుక్ తెచ్చి గల్లీలో పొయ్యి పక్కన పందిరి గుంజకు కట్టాడు. పొయ్యికి పుస్తకానికి మధ్య పదిసార్లు తిరగడం అమ్మ వల్ల కాలేదు. పొద్దున్నే కూర్చుని వంట మొత్తం ఒకేసారి రాసేసింది. రాసి, అన్నిటికీ సంతకం పెట్టి, అన్నిటికీ టిక్కులు కూడా కొట్టేసింది. పది గంటలకు బాపు వచ్చి చూస్తే పప్పు ఇంకా నానుతోంది, ఆనిగెపుకాయలు, అంటే సొరకాయలు, ఇంకా మాదన్నపేట మార్కెట్ సంచిలోనే ఉన్నాయి, పుస్తకంలో మాత్రం పోపు కూడా పడిపోయింది.

బాపు ఎవరితో ఏమీ అనలేదు. ఈ పుస్తకంలో టిక్కుకు విలువ లేదని మనసులో రాసుకున్నాడు. గంజు మరిగే వేళకు ఉప్పు పడి ఉండదని తీర్మానించి, అమ్మ అటు తిరిగినప్పుడు తానే వేశాడు. నా భార్య కూడా పుస్తకం చూసింది, అదే అనుకుంది, అత్తమ్మ పరువు కాపాడదామని ఆమె కూడా వేసింది. అమ్మ అప్పటికే వేసింది. ముగ్గురూ ప్రేమతోనే వేశారు. ఆ మధ్యాహ్నం గల్లీ మొత్తం డ్రమ్ముల కొద్దీ నీళ్లు తాగింది. బోనాల ముందు ఆడే పోతురాజు కొరడా పక్కన పెట్టి చెంబు పట్టుకున్నాడు. ఉప్పుగూడలో ఉండి ఉప్పు దగ్గరే ఓడిపోయారని మమ్మల్ని చూసి నవ్వనివాళ్లు లేరు.

పెద్దమ్మ తిరిగొచ్చి గంటె తీసుకుపోతూ, నీకు గంటె ఇచ్చుడు కోతికి కొబ్బరికాయ ఇచ్చుడు ఒక్కటే అంది, నలుగురిలో. అమ్మ ఏడవలేదు. ఇంటికి వచ్చి గిన్నెలు తోమింది. తోమినవే మళ్లీ తోమింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నాకు పెద్దమ్మ మీద కోపం వచ్చింది, బాపు మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

విచిత్రం ఏమంటే అదే నెలలో మా ఆఫీసులో ఒక డిస్కు అచ్చం అమ్మ చేసిన పనే చేసింది. రాయమన్నది జేబులో పెట్టుకుని, రాసేశానని జవాబు చెప్పేది. తర్వాత తీరిక దొరికినప్పుడు రాసేది. చూసేవాళ్లకు మస్తు చురుకైన డిస్కు. ఒకరోజు కరెంటు పోయింది, జేబులోది జేబులోనే పోయింది. పని కన్నా ముందు టిక్కు పడితే పుస్తకం ఉన్నా లేనట్టే. నేను సెట్టింగు మార్చి ఆ డిస్కు జేబు కుట్టేశాను. పని పడ్డాకే టిక్కు అని వరుస బిగించాను. అమ్మకు సెట్టింగు లేదు. ఉంటే కూడా ఆ దరిదాపులకు ఎవరు పోతారు?

ఈ ఏడు పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. నిలబడి గంజు కలిపే పరిస్థితి లేదు. బోనాలకు నెల ముందు అమ్మను పిలిపించి, కుర్చీలో కూర్చునే చెప్పింది.

"ఈపారి నువ్వే వండు. గానీ మళ్ల గట్లనే అయితే, వచ్చే ఏడు నుంచి టెంట్ హౌస్ వంటోళ్లకు చెప్పేస్త. ఇగ మనింట్ల ఎవ్వరి చేతిల గంటె ఉండది."

అమ్మ సరే అక్కా అని వచ్చేసింది. అప్పటి నుంచి ఆమెకు తిండి సహించలేదు. మాకు కూడా సహించలేదు, ఎందుకంటే ఆ నెలంతా ఇంట్లో ప్రతి కూరలో ఉప్పును కొలిచి, తూచి, చివరికి వేయడం మరిచిపోయేది.

ఒక సాయంత్రం ఆమె చిక్కుడుకాయలకు ఈనె తీస్తుంటే నేను పక్కన కూర్చుని ధైర్యం చెప్పబోయాను. నాకు ధైర్యం చెప్పడం రాదు, డిస్కుల గురించి చెప్పడం వచ్చు. సంతకం ఉండి టిక్కు లేని పనిని డిస్కు మళ్లీ చేస్తుంది కదా, అది మొదటిసారే అయిపోయి ఉంటే ఎట్లా అని ఆమెనే అడిగాను. నేనే జవాబు చెప్పాను. రెండుసార్లు చేసినా ఒక్కసారి చేసినట్టే ఉండేటట్టు రాసుకోవాలి. స్విచ్చు నొక్కు అని రాస్తే రెండోసారి నొక్కినప్పుడు లైటు ఆరిపోతుంది. లైటు వెలిగి ఉండాలి అని రాస్తే ఎన్నిసార్లు చదివి చేసినా లైటు వెలిగే ఉంటుంది. అందుకే డిస్కు ఏం పెట్టాలో ఆ సరుకు మొత్తం ముందే పక్కన సిద్ధం చేసుకుంటుంది, ఆ తర్వాతే అసలు చోటికి పోతుంది.

"మరి ఉప్పుకు స్విచ్చు ఏడుంటది?" అంది అమ్మ.

ఉండదన్నాను. ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. ఎప్పటిలాగే వినలేదనుకుని లేచి వచ్చేశాను.

ఆదివారం పొద్దున గుంజకు మళ్లీ లాగ్‌బుక్ వేలాడింది. పెద్దమ్మ తన కుర్చీ పొయ్యికి ఎదురుగా వేయించుకుని, కాలు ఎత్తి స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన ఆమె ఇంటి మేకపోతు ఉంది, మర్నాడు సోమవారం కోత కోసం కొన్నది. దాన్ని ఎక్కడ కట్టాలో చెప్పే తీరిక ఎవరికీ లేదు, నేనే పందిరి గుంజకు కట్టాను. పుస్తకం ఉన్న గుంజకే. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది.

అమ్మ ఆ రోజు ఆదర్శ ఉద్యోగి. పప్పు వేసే ముందు వచ్చి రాసింది, సంతకం పెట్టింది, వేసింది, వచ్చి టిక్కు కొట్టింది. ఆనిగెపుకాయ ముక్కలు, పసుపు, కారం, ప్రతిదానికీ అంతే. తడిచేయి కొంగుకు తుడుచుకుని మరీ పెన్ను పట్టుకుంది. బాపు నాలుగడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త ఫర్నేసును ప్రారంభిస్తున్న పెద్ద ఆఫీసరులాగా నిలబడ్డాడు.

ఇంతలో డప్పుల మోత వినపడి అందరం గంజును వదిలి అటు చూస్తుండగానే డప్పులు వచ్చేశాయి. చెప్పిన టైముకన్నా అరగంట ముందు. గల్లీ నిండా లొల్లి. వేపాకులు కట్టిన బోనం, మీద వెలుగుతున్న దీపం, అమ్మ తల మీద పెట్టేశారు. ఆమె గంటెను నా భార్యకు ఇచ్చి, బాపు వైపు తిరిగి ఒక్క మాట అంది.

"అన్నీ పుస్తకంల రాసిన. చూస్కో."

అన్నేళ్ల కాపురంలో ఆమె ఆ పుస్తకాన్ని నమ్మి మాట్లాడటం అదే మొదటిసారి. బాపు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి తుడుచుకోవడానికి ఆయన అటు తిరిగాడు. మేము డప్పుల వెనకాల పోతున్న అమ్మను చూస్తున్నాం. మేక మాత్రం పుస్తకాన్ని చూస్తోంది.

మేము ఇటు తిరిగేసరికి ఆ పేజీ కింది సగం దాని నోట్లో ఉంది. బాపు అరిచాడు, నేను దవడలు పట్టుకుని లాగాను, మేక నన్ను చూస్తూ నమిలి మింగేసింది. మిగిలిన సగం మీద పప్పు ఉంది, టిక్కు ఉంది. ముక్కలు, పసుపు, కారం, టిక్కులు ఉన్నాయి. ఆ కింద "ఉప్పు" అని ఉంది. ఆ తర్వాత పళ్ల గాట్లు.

అక్కడ మొదలైంది పంచాయితీ. సంతకం కనిపించడం లేదు కాబట్టి రూలు ప్రకారం ఉప్పు పడనట్టే, వేయాల్సిందే అన్నాడు బాపు. సంతకం పడకపోవడం వేరు, పడిన సంతకాన్ని మేక తినడం వేరు అన్నాను నేను. డిస్కులు కూడా పుస్తకంలో రాసిన లైను చెక్కుచెదరకుండా ఉందా లేదా అని సరిచూసుకుంటాయి, లైనే చెదిరితే దాన్ని నమ్మవు, అంతేగానీ ఎదురుగా ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవు అని వివరిస్తున్నాను. గంజు మరుగుతోంది. మీ ఆఫీసులో గంజు ఉంటే ఈ మాటలన్నీ అక్కడికి పోయి చెప్పమంది నా భార్య. పెద్దమ్మ కుర్చీలోంచి కదలకుండానే, ఎవరన్నా టెంట్ హౌస్ నంబరు తీయండని చెప్పింది.

రుచి చూసే వీలు లేదు, అమ్మ తిరిగొచ్చేసరికి గంజు దించి విస్తరి సిద్ధంగా ఉంచాలి. అమ్మ ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. నేను పరుగెత్తాను.

జనంలో అమ్మను పట్టుకోవడం ఒక ఎత్తు, అడగడం ఇంకో ఎత్తు. ఒంటినిండా పసుపు పూసుకుని పోతురాజు ఎదురొచ్చాడు. మామూలు రోజుల్లో ఆయన స్టేషను దగ్గర పంక్చర్లు వేస్తాడు, నా బండికి ఆయనే దిక్కు. నా ముఖం చూసి ఏదో కొంప మునిగిందనుకుని, కొరడా ఝళిపించి, కంప్యూటర్ అన్నకు దారియ్యమని జనాన్ని రెండుగా చీల్చాడు. ఆ దారిలో చెమటలు కక్కుకుంటూ చేతులూపుకుంటూ నేను పోతుంటే, నాకు పూనకం వచ్చిందనుకుని ఒక ముసలామె నా నుదుటన ఇంత బొట్టు పెట్టి, మా మనవరాలి పెళ్లి ఎప్పుడైతదని అడిగింది. వచ్చే ఏడన్నాను. ఏం చేయను, తొందరలో ఉన్నాను.

అమ్మ దగ్గరికి పోయి, డప్పుల మీదుగా గొంతు చించుకుని ఉప్పు వేసినవా అని అరిచాను. ఆమె నావైపు కళ్లు తిప్పింది. తల మీద బోనం ఉంది, బోనం మీద దీపం ఉంది. అవునని ఊపినా దీపం పడుతుంది, కాదని ఊపినా పడుతుంది. నోరు తెరిచి ఏదో చెప్పింది గానీ డప్పుల్లో కొట్టుకుపోయింది. అప్పుడు వేపకొమ్మను చంకలో ఇరికించి, ఆ చేతిని గుంటగా ముడిచి, గాల్లో బోర్లించి చూపించింది. జనం ఆమెను ముందుకు తోసుకుపోయారు.

తిరిగొచ్చి ఆ చేతి సైగ అందరి ముందు చేసి చూపించాను. ఉప్పు కుమ్మరించమని అర్థం అన్నాడు బాపు. అయిపోయింది, గంజు మూత పెట్టమని అర్థం అన్నాను నేను. దేవుడి మీద భారం వేసి చేతులెత్తేసిందని పెద్దమ్మ అంది. బాపు ఇక ఆగలేక దొడ్డుప్పు పాకెట్టు చింపాడు. మూడు గిద్దెలు పడాలని ఆయనకు లెక్క తెలుసు. నా భార్య ఆయన చెయ్యి పట్టుకుంది. మామగారి చెయ్యి పట్టుకోవడం మా ఇంట్లో అదే మొదలు.

"మామా, ఆగుండ్రి. అత్తమ్మ చేసి చూపించింది గిన్నె."

అని, గంజులో ఇంకా పోయని చింతపండు పులుసు ఎక్కడ పెట్టారని అడిగింది. మేక అందుకోకుండా అమ్మ దాన్ని పెద్దమ్మ ఇంటి కిటికీ గూట్లో పెట్టింది. పులుసు గిన్నె పక్కనే ఇంకో చిన్న సత్తు గిన్నె ఉంది, మీద మూత. మూత తీస్తే లోపల ఉప్పు, సగానికి. గిన్నె లోపలి అంచు చుట్టూ మొదట ఎక్కడి దాకా నిండి ఉందో తెల్లగా గీత కూడా ఉంది.

నాకు అప్పుడు వెలిగింది. పప్పుచారులో అమ్మ ఉప్పు రెండు విడతలు వేస్తుంది, పులుసు పోయకముందు సగం, పోశాక సగం. పొద్దున్నే మూడు గిద్దెలూ కొలిచి గిన్నెలో పెట్టుకుంది. సగం వేసింది, డప్పులు వచ్చేశాయి. బాపు మాట విని మూడు గిద్దెలు వేసి ఉంటే నాలుగేళ్ల కిందటి కథే. నా మాట విని మూత పెట్టి ఉంటే చప్పిడి. తండ్రీకొడుకులం ఇద్దరం కొట్లాడుకుని ఇద్దరం తప్పే చెప్పాం.

ఆ గిన్నెలో ఏముంటే అది వేస్తే చాలు. సగం ఉంటే సగం పడుతుంది. నిండుగా ఉంటే మొత్తం పడుతుంది. ఖాళీగా ఉంటే పదిమంది వచ్చి పదిసార్లు బోర్లించినా ఒక్క రవ్వ ఎక్కువ కాదు. పుస్తకాన్ని మేక తిన్నా, వాన తడిపినా, మొగుడూ కొడుకూ రూళ్లు చదివినా గంజుకు ఏమీ కాదు. చిక్కుడుకాయలకు ఈనె తీస్తూ అమ్మ ఉప్పుకు స్విచ్చు పెట్టేసింది. నేను ఇన్నేళ్లుగా ఆఫీసులో బోర్డు మీద గీతలు గీసి చెప్పేది ఆమె ఒక సత్తు గిన్నెలో పెట్టి మూత పెట్టింది. నాకు గర్వంగా అనిపించింది, కొంచెం సిగ్గుగా కూడా.

నా భార్య పులుసు పోసి, గిన్నె గంజులోకి వంచి, తట్టి, ఖాళీ గిన్నెను అందరికీ కనిపించేలా పొయ్యి రాయి మీద బోర్లించింది. బాపుకు ప్రాణం ఒప్పలేదు. రాయడానికి పేజీ లేదు కాబట్టి బొగ్గుతో గుంజ మీద "ఉప్పు మొత్తం పడింది" అని రాసి, సంతకం పెట్టి, టిక్కు కొట్టాడు. మేక గుంజను కూడా నాకి చూసింది.

ఆడవాళ్లు తిరిగి వచ్చారు. బోనం దించగానే అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు, పొయ్యి రాయి వైపు చూసింది. బోర్లించిన గిన్నె కనిపించింది. పోయి ముఖం కడుక్కుంది.

పోచమ్మకు విస్తరి పెట్టారు. అందరూ బంతిలో కూర్చున్నారు. పెద్దమ్మకు కుర్చీలోనే ఇచ్చారు. ఆమె కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. గల్లీలో సగం మంది తినడం ఆపి ఆమె నోటి వైపే చూస్తున్నారు. అమ్మ మాత్రం చూడకుండా ఎవరికో అన్నం వడ్డిస్తోంది, ఆ మనిషి వద్దు వద్దంటున్నా వడ్డిస్తూనే ఉంది. పెద్దమ్మ రెండో ముద్ద కూడా తిని, ఇంకొంచెం పప్పుచారు పోయమంది. అంతే. నీళ్ల చెంబు ముట్టుకోలేదు.

సాయంత్రం అమ్మ గంటెను కడిగి తుడిచి పెద్దమ్మ ఇంటికి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను, మేకను ఒప్పజెప్పాలి కదా. పెద్దమ్మ గంటె అందుకోలేదు. మోకాలు సర్దుకుంటూ అంది.

"మళ్ల మళ్ల ఎందుకు తెచ్చుడు? నీ కాడనే ఉండనియ్."

అమ్మ తిరిగి వచ్చేటప్పుడు గంటెను చంటిపిల్లలాగా చీర కొంగులో పెట్టుకుని నడిచింది. ఇంటికి వచ్చి వంటింటి గోడకు మేకు కొట్టించి వేలాడదీసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే గుమ్మం దగ్గరికి పోయి, బాపు అప్పుడే కట్టిన కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేజీలో మొదటి లైను రాసింది. "గంటె చేతపడుతున్న." కింద సంతకం.

బాపు వచ్చి చదివాడు. ఎంతసేపు చూసినా ఆమె టిక్కు కొట్టలేదు. గంటె ఇంటికి వచ్చింది కదా, మేకుకు కూడా వేలాడుతోంది కదా, లైను మూసేయమన్నాడు. అమ్మ రాత్రికి బియ్యం ఏరుకుంటోంది, తల ఎత్తలేదు.

"చేతులు ఆడినన్ని దినాలు గంటె పడుతనే ఉంట. అప్పుడే టిక్కా?"

బాపు పెన్ను మూత పెట్టేశాడు. ఆ లైను ఇంకా తెరిచే ఉంది.